డయ్యూనా, డామనా, గోవానా? పోర్చుగీసు తీరంలో మీకు సరిపడే ఊరు

మా బంధువుల్లో ఒకాయన సోమనాథ్ నుంచి ఫోను చేశారు. దర్శనం బాగా అయిందని చెప్పి, "పక్కనే డామన్ డయ్యూ ఉందట కదా, రేపు పొద్దున బయలుదేరి రెండూ చూసేసి రాత్రికి వచ్చేద్దామనుకుంటున్నాం, ఎలా ఉంటుంది?" అన్నారు. ఆయన్ను తప్పు పట్టలేం. బడిలో కేంద్రపాలిత ప్రాంతాల పేర్లు బట్టీ పట్టేటప్పుడు ఆ రెండింటినీ ఒకే ఊపిరిలో చదివాం కాబట్టి అవి రామలక్ష్మణుల్లా పక్కపక్కనే నిలబడి ఉంటాయని మనలో చాలామందికి లోపల ఎక్కడో ఒక నమ్మకం. నిజానికి డామన్ దక్షిణ గుజరాత్ అంచున, ముంబయి వైపు ఉంది. డయ్యూ సౌరాష్ట్రకు దక్షిణపు కొసన ఉంది. మధ్యలో ఖంభాత్ సింధుశాఖ. రోడ్డు మీద చుట్టి వెళ్లాలంటే 600 కిలోమీటర్ల పైమాటే. సోమనాథ్‌కు పక్కన ఉన్నది డయ్యూ ఒక్కటే, అది 85 కిలోమీటర్లు.

యానాం చూసినవాళ్లకు ఈ వ్యవహారం తేలిగ్గా అర్థమవుతుంది. చుట్టూ ఆంధ్రప్రదేశ్, మధ్యలో పుదుచ్చేరి ముక్క. అది ఫ్రెంచివాళ్లు వదిలి వెళ్లిన ముక్క అయితే, డామన్, డయ్యూ పోర్చుగీసువాళ్లు వదిలిన ముక్కలు. వదిలారనడం కూడా మర్యాదకే. 1961 డిసెంబరులో భారత సైన్యం ఆపరేషన్ విజయ్ పేరుతో వెళ్లి గోవాతో పాటు ఈ రెండింటినీ విడిపించింది. 1987లో గోవా రాష్ట్రమైంది, ఈ రెండూ కేంద్రపాలితంగానే మిగిలాయి. 2020 జనవరి 26 నుంచి దాద్రా నగర్ హవేలీతో కలిసి ఒకే కేంద్రపాలిత ప్రాంతం.

ఇంకో చిన్న సంగతి, బస్టాండులో పనికొస్తుంది. అక్కడివాళ్లు డయ్యూ అనరు, 'దీవ్' అంటారు. బస్సు బోర్డుల మీద గుజరాతీలో అదే రాసి ఉంటుంది. సంస్కృతంలోని ద్వీపమే ఆ దీవ్. మన దివిసీమలోని 'దివి'కి దగ్గర చుట్టం. డామన్ వాళ్ల నోట 'దమణ్'.

ఇక అసలు ప్రశ్న. సముద్రం, కోట, చర్చి మూడూ కావాలి, ఎక్కడికి వెళ్లాలి? పశ్చిమ తీరంలో పోర్చుగీసు జాడలున్న ఊళ్లు చాలానే ఉన్నా, సెలవు పెట్టి వెళ్లదగ్గవి నా లెక్కలో డయ్యూ, డామన్, గోవా. ముంబయి దాకా వెళ్లినవాళ్లకు వసాయ్, రేవ్‌దండా కూడా. ఇవన్నీ ఒకే రకం సరుకు అనుకుని, ఏది దగ్గరైతే దానికి వెళ్లేవాళ్లే ఎక్కువగా నిరాశపడి వస్తారు. ఒకచోట కోట గొప్పది, ఒకచోట చర్చి గొప్పది, ఒకచోట సముద్రం దిగడానికే పనికిరాదు. ఈ మూడింటిలో మీకు ఏది ముఖ్యమో ముందు తేల్చుకోండి.

కోట కోసమైతే డయ్యూ

ఇందులో నాకు రెండో మాట లేదు. డయ్యూ కోటకు మూడు వైపులా సముద్రం, నాలుగో వైపు రాతిని తొలిచి తీసిన కందకం. లోపలికి అడుగుపెట్టాక బురుజుల మీద ఇప్పటికీ ఫిరంగులు సముద్రం వైపు మూతి పెట్టుకుని ఉంటాయి. కొన్ని కంచువి, వాటి మీద రాజముద్రలు వేలితో తడిమి చూడవచ్చు. లోపల దీపస్తంభం ఉంది. పైకి ఎక్కితే ఖాడీ (సముద్రపు పాయ) మధ్యలో ఓడలా తేలుతున్నట్టు కనిపించే చిన్న కోట పానీకోఠా. కోట నడిచి చూడటానికి కనీసం రెండు గంటలు పెట్టుకోండి. అరగంటలో ఫొటోలు దిగి వచ్చేవాళ్లను చూస్తే నాకు జాలేస్తుంది.

ఎందుకు అంత గొప్ప అంటే, ఆ రాళ్ల మీద జరిగిన కథ అటువంటిది. ఎర్రసముద్రం నుంచి గుజరాత్‌కు వచ్చే వర్తకానికి డయ్యూ గుమ్మం లాంటిది. 1509లో ఈ తీరంలోనే పోర్చుగీసు నౌకలు ఈజిప్టు మమ్లూకులు, గుజరాత్ సుల్తాను, కాలికట్ రాజు జామొరిన్ కలిపి పంపిన నౌకాదళాన్ని ఓడించాయి. అయినా ఊరు వెంటనే వాళ్ల చేతికి రాలేదు. పావు శతాబ్దం తరువాత హుమాయూన్ గుజరాత్ మీదికి వచ్చిపడ్డప్పుడు, సుల్తాను బహదూర్ షాకు దిక్కుతోచక 1535లో పోర్చుగీసులతో ఒప్పందం చేసుకుని కోట కట్టుకోవడానికి అనుమతి ఇచ్చాడు. హుమాయూన్ వెనక్కి వెళ్లిపోయాక చేసిన పొరపాటు ఆయనకు తెలిసొచ్చింది. 1537లో పోర్చుగీసు గవర్నరును కలవడానికి ఓడ ఎక్కి, తిరుగు దారిలో జరిగిన గొడవలో సముద్రంలోనే ప్రాణం పోగొట్టుకున్నాడు. ఇల్లు అద్దెకిచ్చి యజమానే వీధిన పడ్డ కథ.

ఆ మరుసటి ఏడాదే, 1538లో, ఒట్టోమన్ తుర్కుల నౌకాదళం ఈజిప్టు గవర్నరు సులేమాన్ పాషా నాయకత్వంలో వచ్చి కోటను ముట్టడించింది. కోట పడలేదు. వాళ్లు వదిలి వెళ్లిన రెండు మహా ఫిరంగులు, నీలం, మాణెక్, ఇప్పుడు జునాగఢ్ ఊపర్‌కోట్‌లో ఉన్నాయి. రాజ్‌కోట్ నుంచి జునాగఢ్ మీదుగా డయ్యూకు వెళ్లేవాళ్లు దారిలో వాటిని చూసి వెళ్తే, కోట బురుజు మీద నిలబడినప్పుడు కథ రెండో వైపు నుంచి కూడా తెలుస్తుంది. 1546లో మళ్లీ ముట్టడి. కోట దాదాపు నేలమట్టమైనా చేతులు మారలేదు. తిరిగి కట్టడానికి డబ్బు లేక అప్పటి గవర్నరు జువావ్ ద కాస్త్రో తన గడ్డం వెంట్రుకలు తాకట్టుగా పంపి గోవా పౌరుల దగ్గర అప్పు అడిగాడని చెబుతారు. మీసం తాకట్టు పెట్టే మాట మన దగ్గరా ఉంది కానీ, ఆయన నిజంగానే పంపాడన్నమాట.

డయ్యూలో కోట ఒక్కటే కాదు, పాత ఊరు కూడా చూడదగ్గది. ఊరి ప్రాకారంలో జాంపా దర్వాజా దాటి సందుల్లోకి నడవండి. కొన్ని ఇళ్లు తాళాలు వేసి ఉంటాయి. 1961కి ముందు ఇక్కడ పుట్టినవాళ్లకూ వాళ్ల సంతానానికీ పోర్చుగల్ పౌరసత్వం తీసుకునే వీలు ఉండటంతో చాలా కుటుంబాలు ఆ కాగితాల మీద బ్రిటన్‌కు, ముఖ్యంగా లెస్టర్ వైపు, వెళ్లిపోయాయి. మన కోనసీమలో గల్ఫ్ డబ్బుతో కట్టి తాళం వేసిన ఇళ్లు చూసినవాళ్లకు ఆ వీధుల్లో నడుస్తుంటే ఏదో తెలిసిన ఊరిలా అనిపిస్తుంది.

డయ్యూ సముద్రం

నాగోవా బీచ్ పేరు అందరూ చెబుతారు. చంద్రవంక ఆకారం, వెనుక హోకా చెట్లు. తాటిచెట్టుకు కొమ్మలు వస్తే ఎలా ఉంటుందో ఎప్పుడైనా ఊహించారా? హోకా అచ్చంగా అదే. మొదలు ఒకటే, పైకి వెళ్లాక రెండుగా, నాలుగుగా చీలుతుంది. ఆఫ్రికా నుంచి వచ్చిన చెట్టని చెబుతారు. నాగోవా అందమైనదే, ఒప్పుకుంటాను. కానీ శనివారం సాయంత్రం అక్కడ ఇసుక కంటే జనమే ఎక్కువ కనిపిస్తారు. గుజరాత్‌లో మద్య నిషేధం, డయ్యూలో లేదు. ఆ ఒక్క వాక్యంతో మీకు విషయం అర్థమై ఉంటుంది.

పిల్లలతో, పెద్దవాళ్లతో వెళ్తే నేను ఘోఘ్లా వైపు పంపిస్తాను. ఇది దీవి మీద కాదు, వంతెన దాటి ప్రధాన భూభాగం వైపు ఉంది. పొడవైన తీరం, లోతు మెల్లగా పెరుగుతుంది. 2020లో దేశంలో తొలిసారి ఎనిమిది బీచ్‌లకు బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చినప్పుడు అందులో ఘోఘ్లా ఒకటి, మన విశాఖ రుషికొండ ఒకటి. మరుగుదొడ్లు, బట్టలు మార్చుకునే గదులు, కాపలా సిబ్బంది ఉంటారని దానర్థం. ఇక జాలంధర్, చక్రతీర్థ్ తీరాలు రాళ్లతో ఉంటాయి, కూర్చుని చూడటానికి మంచివి, స్నానానికి కావు.

చక్రతీర్థ్ పక్కనే ఐఎన్ఎస్ ఖుక్రీ స్మారకం ఉంది. 1971 డిసెంబరు 9 రాత్రి పాకిస్తాన్ జలాంతర్గామి హంగోర్ ఈ తీరానికి దూరంగా ఆ నౌకను ముంచింది. 18 మంది అధికారులు, 176 మంది నావికులు పోయారు. కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లా ఓడను వదలకుండా దానితోనే మునిగిపోయారు. అంతకు కొన్ని రోజుల ముందే మన విశాఖ దగ్గర పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగింది. అదే పేరుతో తరువాత వచ్చిన రెండో ఖుక్రీ నౌక 2021లో విశాఖపట్నంలోనే సేవ నుంచి తప్పుకుని, ఇక్కడ ప్రదర్శనకు ఉంచేందుకు డయ్యూకు చేరింది. విశాఖలో కురుసుర చూసి వచ్చిన పిల్లలుంటే వాళ్లకు ఈ కథ అక్కడ నిలబెట్టి చెప్పండి. కోట కంటే ఇదే ఎక్కువ గుర్తుంటుంది.

ఫుదమ్ దగ్గర గంగేశ్వర్ ఉంది. రాళ్ల మధ్య ఐదు శివలింగాలు, పోటు వేళ అలలే అభిషేకం చేస్తాయి. సోమనాథ్ నుంచి వచ్చేవాళ్లు దీన్ని తప్పకుండా కలుపుకుంటారు, కలుపుకోవాలి కూడా. దీవి పడమటి కొసన ఉన్న వణాక్‌బారా జాలరుల రేవు మాత్రం చాలామంది చూడరు. పొద్దున్నే వెళ్లండి, చేపల వాసన పడనివాళ్లు వద్దు.

డయ్యూ చర్చిల మాట చెప్పలేదు కదూ. సెయింట్ పాల్ చర్చి ఒక్కటి చూస్తే చాలు. 17వ శతాబ్దం మొదట్లో జెసూట్ మతగురువులు కట్టినది. తెల్లటి ముఖద్వారం నిండా శంఖులు, తీగలు, లోపల కాలంతో నల్లబడిన చెక్క నగిషీ. ఇప్పటికీ ప్రార్థనలు జరుగుతాయి. దగ్గరలోని సెయింట్ థామస్ చర్చిని మ్యూజియం చేశారు, సెయింట్ ఫ్రాన్సిస్ చర్చి ఆసుపత్రిగా మారింది. ఊళ్లో క్రైస్తవులు చాలా తక్కువ. అందుకే ఆ చర్చిల్లో ఒక రకమైన ఖాళీతనం ఉంటుంది. నాకది నచ్చుతుంది, మా ఇంట్లోవాళ్లకు నచ్చలేదు.

డామన్: సముద్రం కోసం వెళ్లకండి

డామన్ గురించి ముందే కఠినంగా ఒక మాట చెప్పి, తరువాత మెచ్చుకుంటాను. అక్కడ సముద్రం చూసి మన వైజాగ్, సూర్యలంక అలవాటున్న కళ్లు బిత్తరపోతాయి. ఖంభాత్ సింధుశాఖలో ఆటుపోట్ల తేడా దేశంలోకెల్లా ఎక్కువ. పోటు వేళ గట్టు దాకా వచ్చిన నీళ్లు, ఆటు వేళ కనుచూపు మేర వెనక్కి పోతాయి. మిగిలేది బురద, రాళ్లు. మేము మొదటిసారి దేవ్‌కా తీరానికి మధ్యాహ్నం చేరుకున్నాం. పిల్లలు ఈత దుస్తుల్లో పరుగెత్తి ఆగిపోయారు. "నాన్నా, సముద్రం ఎక్కడ?" అని అడిగారు. నా దగ్గర సమాధానం లేదు. ఆటుపోట్ల వేళలు ముందు రోజే ఫోనులో చూసుకోవాలన్న ఇంగితం నాకు అప్పటికి లేదు.

దేవ్‌కా రాతి తీరం, దిగడానికి పనికిరాదు. అయితే 2023లో అక్కడ ఐదు కిలోమీటర్ల పైచిలుకు సముద్రపు ఒడ్డు బాట తెరిచారు. సాయంత్రం నడకకు అది చక్కగా ఉంటుంది. ఊరికి దక్షిణాన జాంపోర్ ఉంది, సరుగుడు చెట్లు, నల్లటి ఇసుక. పోటు వేళ చూసుకుని వెళ్తే కాళ్లు తడుపుకోవచ్చు. అంతకు మించి ఆశపడవద్దు. నీళ్ల రంగు ఒండ్రు వల్ల గోధుమగా ఉంటుంది.

మరి డామన్ ఎందుకు వెళ్లాలి? మోటీ డామన్ కోసం. దమణ్ గంగా నది ఊరిని రెండుగా చీలుస్తుంది, దక్షిణాన మోటీ డామన్, ఉత్తరాన నానీ డామన్. మోటీ అంటే పెద్ద, నానీ అంటే చిన్న. కానీ ఇప్పుడు హోటళ్లు, దుకాణాలు, సందడి అంతా చిన్న డామన్‌లోనే. పెద్ద డామన్ కోట 1559లో పోర్చుగీసులు ఊరిని పట్టుకున్న తరువాత కట్టినది. అది ఒట్టి కోట కాదు, కోట గోడల మధ్య బతికే ఊరు. లోపల ప్రభుత్వ కార్యాలయాలు, పెద్ద చెట్ల నీడన వీధులు, గుమస్తాలు సైకిళ్ల మీద వెళ్తుంటారు. బోమ్ జీసస్ పెద్ద చర్చి గుమ్మం మీది రాతి చెక్కడం దగ్గర ఒక్క పది నిమిషాలు ఆగండి. దానికి ఎదురుగా రోజరీ మాత చాపెల్, అంటే చిన్న ప్రార్థనా మందిరం. బయటి నుంచి చూస్తే దాటి వెళ్లిపోతారు. లోపల బంగారు పూత పూసిన చెక్క నగిషీ, బలిపీఠం చుట్టూ చిన్న దేవదూతల ముఖాలు. తలుపు వేసి ఉంటే పెద్ద చర్చిలో అడగండి, తీయించుకుని చూడండి. ఈ తీరంలో నాకు అన్నిటి కంటే ఇష్టమైన గది అదే. ఈ కోటలోనే పోర్చుగీసు కవి బొకాజ్ సైనికుడిగా వచ్చి కొంతకాలం ఉన్న ఇల్లు కూడా చూపిస్తారు.

నది దాటితే నానీ డామన్ కోట. 1614లో మొదలుపెట్టిన చిన్న కోట. ద్వారం మీద సెయింట్ జెరోమ్ పెద్ద విగ్రహం నది వైపు చూస్తూ ఉంటుంది. గోడ ఎక్కితే రేవులో రంగురంగుల చేపల పడవలు. అరగంట చాలు.

డామన్‌కు మరో పెద్ద సుగుణం దారి. ముంబయి–సూరత్ రైలు మార్గంలో వాపీ స్టేషను నుంచి 12 కిలోమీటర్లే. సూరత్, భివండిలలో మరమగ్గాల మీద బతుకుతున్న తెలుగు కుటుంబాలు వేలల్లో ఉన్నాయి. వాళ్లకు, వాళ్ల ఇంటికి చుట్టపుచూపుగా వెళ్లేవాళ్లకు డామన్ ఒక పగటి ప్రయాణం. పొద్దున రైలు ఎక్కి, రెండు కోటలు, భోజనం, సాయంత్రం దేవ్‌కా బాట మీద నడక, రాత్రికి ఇంటికి. హైదరాబాద్ నుంచి పనిగట్టుకుని డామన్ కోసమే బయలుదేరుతామంటే మాత్రం నేను ఆపుతాను.

గోవా గురించి కొత్తగా ఏం చెప్పను

అందరికీ తెలిసిన ఊరు కాబట్టి క్లుప్తంగానే చెబుతాను. చర్చిలే మీ ముఖ్య ఉద్దేశమైతే ఓల్డ్ గోవా ముందు డయ్యూ, డామన్ నిలబడలేవు. 1510లో పోర్చుగీసు సేనాని అల్బుకెర్క్ పట్టుకున్న ఊరు, పోర్చుగీసు ఆసియాకంతటికీ రాజధాని. అంటురోగాలకు చిక్కి జనం వదిలేశారు, రాజధాని పణజీకి మారింది, చర్చిలు మిగిలాయి. 1986 నుంచి యునెస్కో వారసత్వ జాబితాలో ఉన్నాయి. బోమ్ జీసస్ బసిలికాలో సెయింట్ ఫ్రాన్సిస్ జేవియర్ పార్థివదేహం ఉంది. పదేళ్లకోసారి దాన్ని కిందికి దించి దర్శనానికి పెడతారు, కిందటిది 2025 జనవరిలో ముగిసింది. ఆ ప్రత్యేక దర్శనమే కావాలంటే చాలా ఏళ్లు ఆగాలి. ఎదురుగా సే కెథెడ్రల్, అవతల కూలిన సెయింట్ అగస్టీన్ గోపురం. ఒక పూట సరిపోదు, రోజంతా పెట్టుకోండి. సాయంత్రం పణజీలో ఫౌంతైన్యాస్ వీధుల్లో తిరగండి.

కోటల విషయంలో గోవా నన్ను పెద్దగా కదిలించలేదు. ఆగ్వాదా నుంచి దృశ్యం బాగుంటుంది, బాగుచేసిన రెయిష్ మాగూష్ ముచ్చటగా ఉంటుంది. డయ్యూ చూసి వచ్చాక మాత్రం అవి చిన్నబోతాయి. సముద్రం మాటకొస్తే, ఉత్తర గోవా హడావుడి భరించలేనివాళ్లు దక్షిణానికి వెళ్లండి.

మనకు అన్నిటి కంటే తేలికైన దారి కూడా గోవాదే. హైదరాబాద్ నుంచి నేరుగా విమానాలు ఉన్నాయి, సికింద్రాబాద్ నుంచి వాస్కోకు రైలు ఉంది. కోస్తావాళ్లకు వాస్కో వెళ్లే అమరావతి ఎక్స్‌ప్రెస్ విజయవాడ, గుంటూరు, నంద్యాల, గుంతకల్లు మీదుగా పోతుంది. దూద్‌సాగర్ జలపాతం పక్క నుంచి దిగే ఆ ఘాట్ ప్రయాణం దానికదే ఒక యాత్ర.

ముంబయి దాకా వెళ్లేవాళ్లకు

వసాయ్ కోటకు సెలవు కూడా అక్కర్లేదు. విరార్ లోకల్ ఎక్కి వసాయ్ రోడ్‌లో దిగి ఆటో మాట్లాడుకోవడమే. సుమారు నూట పది ఎకరాల కోట నిండా కప్పు లేని చర్చిలు, గోడల మీద మర్రి ఊడలు, నేల మీద పోర్చుగీసు అక్షరాల సమాధి రాళ్లు. 1739లో పీష్వా తమ్ముడు చిమాజీ అప్పా దీన్ని గెలిచాడు. అప్పుడు దించిన చర్చి గంటల్లో కొన్ని మహారాష్ట్ర గుళ్లలో ఇప్పటికీ మోగుతున్నాయి. నాసిక్ నారోశంకర్ గుడి గంట అందులో ఒకటి. శిథిలాలు ఇష్టమైనవాళ్లకు ఇది డామన్ కంటే మేలు. చీకటి పడకముందే బయటికి రండి, లోపల నిర్మానుష్యం.

అలీబాగ్ వైపు వెళ్తే 17 కిలోమీటర్ల దిగువన రేవ్‌దండా. ఇసుక మీదికే దిగిన కోట గోడ, కొబ్బరి తోటల్లో కూలిన చర్చిలు. ఎదురుగా కొండ మీద కోర్లయ్ కోట. కోర్లయ్ ఊళ్లో కొన్ని కుటుంబాలు ఇప్పటికీ పోర్చుగీసు, మరాఠీ కలిసిన ఒక భాష ఇంట్లో మాట్లాడుకుంటాయి. పోర్చుగీసు మాటలు ఆ ఊళ్లోనే మిగిలాయని ఆశ్చర్యపోనక్కర్లేదు, మన ఇంటి అల్మారా, ఇస్త్రీ పెట్టె, మేస్త్రీ, అనాసపండు కూడా ఆ ఓడల్లోంచి దిగినవే.

తేదీలు, దారులు, సీసాలు

అక్టోబరు నుంచి ఫిబ్రవరి వరకు ఎక్కడికైనా వెళ్లవచ్చు. జూన్ నుంచి సెప్టెంబరు వరకు అరేబియా సముద్రం దిగనివ్వదు. ముంబయి గేట్‌వే నుంచి అలీబాగ్ వైపు మాండ్వా రేవుకు వెళ్లే పడవలు కూడా అప్పుడు ఆగిపోతాయి. డయ్యూ, డామన్‌లకు మాత్రం ఇంకో నియమం ఉంది. దీపావళి తరువాతి వారం గుజరాతీలకు పెద్ద సెలవులు, ఆ రోజుల్లో గది దొరకదు, దొరికినా ధర వినలేం. శని, ఆదివారాలు కూడా అంతే. సోమవారం వెళ్లి బుధవారం వచ్చేస్తే అదే డయ్యూ వేరే ఊరిలా ఉంటుంది.

డయ్యూకు విమానాశ్రయం ఉంది కానీ విమానాలు తక్కువ, వేళలు మారుతుంటాయి. నమ్ముకునే దారి వేరావల్ రైలు స్టేషను లేదా రాజ్‌కోట్ విమానాశ్రయం. సికింద్రాబాద్ నుంచి రాజ్‌కోట్‌కు రైలు కూడా ఉంది. రాజ్‌కోట్ నుంచి కారులో ఐదారు గంటలు పెట్టుకోండి. పట్టుబట్టి డామన్, డయ్యూ రెండూ ఒకే యాత్రలో చూడాలనుకునేవాళ్లకు 2020 నుంచి సూరత్ దగ్గరి హజీరా, భావ్‌నగర్ దగ్గరి ఘోఘా మధ్య కార్లను కూడా ఎక్కించుకునే ఫెర్రీ నడుస్తోంది. టిక్కెట్టు తీసుకునే ముందు ఆ రోజు నడుస్తుందో లేదో కనుక్కోండి. ఇంకో జాగ్రత్త, ఈ ఘోఘా వేరు, డయ్యూలోని ఘోఘ్లా వేరు. ఫెర్రీ దిగగానే బీచ్ అనుకుంటే ఇంకా 200 కిలోమీటర్ల దాకా రోడ్డు మిగిలి ఉంటుంది.

సీసాల సంగతి. డయ్యూలో, డామన్‌లో కొని అక్కడ తాగితే నేరం కాదు. ఒక్క సీసా సంచిలో పెట్టుకుని గుజరాత్ హద్దు దాటినా నేరమే. సరిహద్దులో తనిఖీ చేస్తారు. యానాం నుంచి తెచ్చుకున్న అనుభవం ఉన్నవాళ్లు ఆ ధైర్యం ఇక్కడ చూపకండి.

ఎవరు ఎక్కడికి అంటే, నా సలహా ఇది. సోమనాథ్, ద్వారక యాత్రలో ఉన్న కుటుంబం డయ్యూలో రెండు రాత్రులు ఉండాలి. ఒక్క రాత్రి చాలదు, మూడోది ఎక్కువ. గదిని నాగోవా దగ్గర కాకుండా ఊళ్లోనో, ఘోఘ్లాలోనో తీసుకోండి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు కోటలో ఎక్కుళ్లు కష్టం, వాళ్లను సెయింట్ పాల్ చర్చి చూపించి సముద్రం ఒడ్డున కూర్చోబెట్టండి. నలుగురైదుగురు స్నేహితులైతే గోవాకే వెళ్తారు, నేను చెప్పినా వినరు. చర్చి కట్టడాల మీద నిజమైన ఇష్టం ఉన్నవాళ్లు గోవాలో మూడు రోజులుండి, ఎప్పుడో ఒకసారి ముంబయి పని పడ్డప్పుడు డామన్ రోజరీ చాపెల్‌నూ వసాయ్‌నూ కలుపుకోవాలి. శాకాహారులు గుజరాత్ వైపు నిశ్చింతగా వెళ్లవచ్చు, థాలీ ఎక్కడైనా దొరుకుతుంది, పప్పులో తీపి తగిలితే ఉలిక్కిపడకండి. చేపల ప్రియులకు డయ్యూలో పాంఫ్రెట్, బొంబిల్ ఉన్నాయి.

మా బంధువు చివరికి డయ్యూలో రెండు రాత్రులు ఉండి వచ్చారు. గంగేశ్వర్ బాగుందన్నారు, కోట ఎండగా ఉందన్నారు, హోకా చెట్టు ఫొటో ఒకటి వాట్సాప్‌లో పంపి "ఇది తాటిచెట్టేనా?" అని అడిగారు. వచ్చే వేసవిలో సూరత్‌లో వాళ్ల మేనల్లుడి పెళ్లి ఉంది. డామన్ అప్పుడు చూస్తారట. ఆటుపోట్ల వేళలు చూసి చెప్పే పని నాకు అప్పగించారు.